పల్లీలు రాని ఇల్లు

ఆ కాలనీలో ఎవరింట్లో పల్లీలు వేయించినా ముందుగా తెలిసేది సుగుణకే. పక్కింటివాళ్లకు వాసన తగలకముందే ఆమె చేతిలోని పని ఆగిపోయేది. సరిగ్గా అప్పుడే వాడు గడప దగ్గరికి వచ్చి నిలబడేవాడు. నాలుగేళ్ల పిల్లవాడు. గుండీలు ఊడిన చొక్కా, మోకాళ్ల దాకా ఎర్రమట్టి, కుడి చెయ్యి గొంతు మీద. నోరు తెరిచి ఉండేది గానీ అందులోంచి మాట వచ్చేది కాదు. సుగుణ కళ్లు గట్టిగా మూసుకుని తెరిస్తే పసుపు రాసిన గడప ఒక్కటే కనిపించేది.

వాడి పేరు శివ. సుగుణకు సొంత తమ్ముడు. వాడు పోయేనాటికి ఆమెకు ఆరేళ్లు.

పల్లికాయ పీకే రోజులవి. చేనంతా కూలోళ్లు. మధ్యాహ్నం ఎండుటాకులు పోగేసి మంట పెట్టి, పచ్చికాయ అందులో పోసి కాల్చారు. అందరూ తిన్నారు, సుగుణా తిన్నది. శివ గుప్పెడు గింజలు నోట్లో కుక్కుకుని కుక్కపిల్ల వెంట నవ్వుకుంటూ ఉరికాడు. ఉరుకుతూ ఉరుకుతూ నిలబడిపోయాడు. గొంతు మీద చెయ్యి పెట్టుకుని అమ్మ వైపు చూశాడు. అమ్మ రుక్కమ్మ చెంబు పట్టుకుని పరుగెత్తి, తల వెనక్కి వంచి నీళ్లు పోసింది. ఎవరో వేపమండలు తెచ్చారు. ఎవరో బండి కట్టమన్నారు. పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లబడ్డాయి. బండి రోడ్డెక్కకముందే రుక్కమ్మ గొల్లుమన్నది.

ఏమైందంటే ఒక్కొక్కరిది ఒక్కో మాట. చేన్ల గాలి సోకిందని కొందరు, దిష్టి అని కొందరు. చివరికి ఇంట్లో నిలిచిపోయింది మాత్రం ఒకటే: పిల్లగానికి పల్లీలు విషమైనాయి. తండ్రి కుర్మయ్య ఆ తర్వాత పల్లి విత్తలేదు. ఇంట్లోకి పల్లిగింజ రాలేదు. పండక్కి చింతపండు పులిహోర చేసినా పల్లీలు లేకుండానే చేసేది రుక్కమ్మ. ఎందుకని పిల్ల అడగలేదు, తల్లి చెప్పలేదు. శివ పేరు ఇంట్లో ఎవరి నోటా వినపడలేదు.

పిల్లవాణ్ని చేను గట్టునే పాతిపెట్టారు. తర్వాత చాన్నాళ్లకు ఎయిర్‌పోర్టు కోసం ఆ భూములు తీసుకున్నారు. కుర్మయ్య ఆ దిగులుతోనే పోయాడు. ఊరు ఊరంతా లేచి ఈ కాలనీకి వచ్చింది. చేను, గట్టు, గట్టు కింద ఉన్నవాడు, అందరూ ఎయిర్‌పోర్టు గోడ లోపలే ఉండిపోయారు. విమానం పైకి లేచినప్పుడల్లా రుక్కమ్మ చేస్తున్న పని ఆపి అటు చూసేది. అమ్మ దేన్ని చూస్తున్నదో సుగుణకు తెలుసు. కానీ సుగుణ లెక్క వేరు. వాడు గోడ లోపల లేడు. ఉన్న చోటు పోయినవాడు తమ వెంటే వచ్చేశాడు. ఇంకెక్కడికి పోతాడు?

కూతురు సహస్ర పుట్టాక ఆ భయానికి కాళ్లొచ్చాయి.

పిల్ల ఎక్కడికి పోతే అక్కడికి వెళ్లేది భయం. చుట్టాలింటికి పోతే వంటింట్లోకి తొంగి చూసేది. కొట్లో చిక్కీల డబ్బా కనపడితే పిల్లను అటు చంక నుంచి ఇటు చంకకు మార్చేది. కొందరు పిల్లలకు పల్లీలు ప్రాణం మీదికి తెస్తాయనీ, అది రక్తంలో వస్తుందనీ ఒకనాడు టీవీలో ఎవరో డాక్టరు చెప్పాడు. ఏడో తరగతి దాకా చదివిన సుగుణకు అందులో ఒక్క మాట బాగా నాటుకుంది: రక్తంలో. శివది ఏ రక్తమో సహస్రదీ అదే కదా.

భర్త కొండల్ ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబు నడుపుతాడు. అత్తగారింట్లోనే ఉంటాడు, నోరు మాత్రం తగ్గించడు.

"ఏందే, ఎయిర్‌పోర్టుల కంటె ఎక్కువ చెకింగు పెట్టినవ్ పిల్లకు. వచ్చినోళ్ల జేబులు గూడ చూస్తవా?"

"నీకేం ఎర్క. చూసినదాన్ని నేను."

"ఏం చూసినవో చెప్పవు. చెప్పకుండ పరేషాన్ చేస్తవు." అతను బండి తాళాలు ఊపుకుంటూ వెళ్లిపోయేవాడు.

పైపోర్షన్లో కిరాయికి ఉండేది ప్రసూనాంబ కుటుంబం. ఆమె పూర్తి పేరు జ్ఞానప్రసూనాంబ, తణుకు వైపు మనిషి. కొడుకు ఫణికి ఎయిర్‌పోర్టులో ఉద్యోగం, కోడలికి గచ్చిబౌలిలో. మనవడు ధ్రువను పెంచేది మామ్మే. ధ్రువ సహస్ర కంటే మూడు నెలలు పెద్ద. మెట్లెక్కడం వచ్చిన దగ్గర్నుంచీ సహస్రకు సగం రోజు పైనే గడిచేది.

బోనాలు అయిపోయిన కొత్తలో ఒక సాయంత్రం సహస్ర మెట్లు దిగి వచ్చి తల్లి మెడ చుట్టేసి బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఆ ముద్దులో పల్లి వాసన ఉంది.

సుగుణ పిల్ల మొహాన్ని వెలుగులోకి తిప్పింది. పిల్ల నోరు తెరిచి వేలు పెట్టి చూసింది. పెదవులు చూసింది, గౌను ఎత్తి పొట్ట చూసింది, వీపు చూసింది. పిల్ల చక్కిలిగింతలనుకుని నవ్వుతూనే ఉంది. సుగుణ తలెత్తితే మెట్ల మలుపులో వాడు ఉన్నాడు, గొంతు మీద చెయ్యితో. పిల్లను చంకనేసుకుని వాడున్న చోటు దాటుకునే పైకి పోయింది.

"ఆంటీ, మా పిల్లకు ఏం పెట్టిండ్రు?"

"బ్రెడ్డు ముక్క పెట్టానమ్మా. ఏం, అలా వణికిపోతున్నావేం?"

"బ్రెడ్డు మీద ఏముండె?"

ప్రసూనాంబ అలమారలోంచి సీసా తీసి చూపించింది. లోపల బురదరంగు ముద్ద. "పీనట్ బటర్. మన వేరుశెనగ ముద్దేలే, ఇంగ్లీషు పేరు తగిలించుకుంది. మా వాడికి రెండు పూటలా ఇదే, ఇంకోటి గొంతు దిగదు వెధవకి. మీ పిల్ల పక్కన కూర్చుని పక్షిపిల్లలా నోరు తెరుస్తుంటే పెట్టకుండా ఎలా తినిపిస్తానూ?"

"గియ్యాలనేనా పెట్టింది?"

"ఇవాళేమిటి, ఉగాది వెళ్లిన దగ్గర్నుంచీ తింటోందిగా. నీకు తెలుసనుకున్నాను."

సుగుణ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. ఉగాది అంటే వేపపూతల నాడు. ఇన్నాళ్లు రోజూ విషం తిని, రోజూ కిందికి దిగి వచ్చి, తన పక్కనే పడుకుందా ఈ పిల్ల? కళ్ల నీళ్లు ఆగలేదు. ఆ పూట, పెళ్లయ్యాక మొదటిసారి, తమ్ముడి సంగతి బయటి మనిషికి చెప్పింది. కింద అమ్మకు వినపడకుండా గొంతు తగ్గించి చెప్పింది.

ప్రసూనాంబ సాంతం విని, సీసా మూత బిగించింది. "పాపం, ఎంత కడుపుకోత. కానీ సుగుణా, పడని పిల్లలకి నాలిక్కి తగిలిన కాసేపటికే దద్దుర్లు లేస్తాయి, మూతి వాస్తుంది. మా మరిది కూతురికి రొయ్యలు అంతే. ఇన్నాళ్లూ తిని మీ పిల్ల నిక్షేపంలా ఉందిగా. కావాలంటే డాక్టరుకి చూపించు."

"మా శివ గూడ దినాం తింటుండె ఆంటీ. పాలు ఇడిచినప్పటి సంది తిన్నడు. ఏం గాలే. ఆ ఒక్క దినం తీస్కపోయింది."

ప్రసూనాంబ సీసాను అలమారలో లోపలికి నెట్టింది. వెనక్కి తిరిగి అన్నది, "సరే, ఇది మానేద్దాం. బాదంపప్పు నానబెట్టి ముద్ద నూరి పెట్టనా? జీడిపప్పు?"

"అవ్విటికి గూడ గట్లనే అయితదని చెప్పిండ్రు టీవీల."

"పోనీ నువ్వులు?"

నువ్వుల దగ్గర ఒప్పందం కుదిరింది. సుగుణ నువ్వులు దోరగా వేయించి, బెల్లం వేసి, మిక్సీలో నూనె తేలేదాకా తిప్పి ముద్ద చేసింది. సహస్ర ఒక్కసారి నాకి, చేదని మొహం చిట్లించి ఉమ్మేసింది. మర్నాటి నుంచి పిల్లను పైకి పంపలేదు సుగుణ. పిల్ల కింది మెట్టు మీద కూర్చుని "మామ్మా, బట్టరూ" అని రాగం తీసేది. పైనుంచి ధ్రువ గొంతు కలిపేవాడు. రుక్కమ్మ బయటికి వచ్చి అడిగేది, "ఏంటిదే అది, ఏమడుగుతుంది పిల్ల?"

"వెన్నట అమ్మా. ఏం లేదు."

అబద్ధం చెప్పి లోపలికి పోయేది సుగుణ. పల్లీలన్న మాట అమ్మ చెవిన పడనీయకూడదు. వీధిలో పల్లీల వాసన వచ్చిన రోజున అమ్మ ఏం చేస్తుందో ఆమెకు తెలుసు. లేచి వెళ్లి, కడిగిన గిన్నెలన్నీ మళ్లీ ముందేసుకుని కడుగుతుంది. చీకటి పడేదాకా కడుగుతూనే ఉంటుంది.

పిల్ల ఏడుపు మాన్పడానికి సుగుణకు దొరికింది పుట్నాలు. చిన్న స్టీలు డబ్బా నిండా పోసి చేతికిచ్చింది. పిల్లకు నచ్చాయి. డబ్బా ఆడించుకుంటూ, ఒక్కొక్కటే ఏరుకుంటూ, బుగ్గలో దాచుకుని నములుతూ తిరిగేది. పుట్నాలు పల్లీలు కావు. సుగుణకు అంతే కావాలి.

సద్దుల బతుకమ్మ వచ్చింది. కాలనీ ముందర ఖాళీ జాగాలో ఆడవాళ్లంతా ఆడి, సాగనంపి వచ్చి, చాపలు పరిచి కూర్చున్నారు. ఇక వేయించి, తీపి కలిపి దంచిన సత్తుపిండి పంచుకునే వేళ. సుగుణకు ఏడాది మొత్తంలో అన్నిటికంటే భయమైన వేళ అదే. నువ్వుల సత్తు, కొబ్బరి సత్తు తెచ్చేవాళ్లు కొందరైతే, పల్లి సత్తు తెచ్చేవాళ్లే ఎక్కువ. ఎవరి డబ్బాలోది వాళ్లు తిని ఊరుకోరు. ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటారు, కనపడిన పిల్ల నోట్లోనల్లా ఒక ముద్ద పెడతారు. వద్దనడం కుదరదు ఆ పూట. పండగపూట పెట్టిన ముద్ద కాదంటే పెట్టినామెకు కోపం వస్తుంది.

దానికి సుగుణ ముందే ఉపాయం ఆలోచించుకుని వచ్చింది. నిండిన నోట్లో ఎవరూ ముద్ద పెట్టలేరు. అందుకని పిల్ల నోరు ఖాళీ కానీయకుండా పుట్నాలు అందిస్తూనే ఉంది.

"ఏందే సుగుణా," పక్కింటి భారతమ్మ డబ్బా మూత తీస్తూ అన్నది, "నీ బిడ్డ బంగారమా, మేం పెడితె కరిగిపోతదా? ఏదీ, ఆ అను బిడ్డా."

"నోట్ల ఉన్నది అక్కా. మింగనీయి."

"ఎప్పుడు చూసినా నోట్ల ఉంటదేందే! పుట్నాల మిల్లు పెట్టినవా పిల్ల నోట్ల?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సుగుణ కూడా నవ్వి, పిల్ల బుగ్గలోకి ఇంకో నాలుగు తోసింది. ఆ పక్కనే ప్రసూనాంబ మనవణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సుగుణ చేతి వైపు చూసి ఏదో అనబోయి, వీళ్ల మాటల్లో తను ఎందుకని ఊరుకుంది.

అప్పుడే గోడ అవతల నుంచి విమానం లేచింది. తలల మీదుగా, దీపాలు వెలుగుతూ ఆరుతూ, పెద్ద చప్పుడుతో వచ్చింది. పిల్లలందరూ "టాటా! టాటా!" అని అరుస్తూ దాని వెంట ఉరికారు. సహస్ర తల్లి చేతిలోంచి జారి, డబ్బా గలగలలాడించుకుంటూ, తల పైకెత్తి, నోరంతా తెరిచి నవ్వుతూ ఉరికింది.

ఉరుకుతూ ఉరుకుతూ నిలబడిపోయింది.

డబ్బా కింద పడింది. పిల్ల వెనక్కి తిరిగి తల్లి వైపు చూసింది. నోరు తెరిచి ఉంది, చప్పుడు లేదు. కుడి చెయ్యి గొంతు మీదికి పోయింది. ఆ చెయ్యి అలా పెట్టుకోవడం సుగుణ ఇన్నేళ్లుగా గడప దగ్గర చూస్తూనే ఉంది.

"పల్లీలు ఎవలు పెట్టిండ్రే నా బిడ్డకు!" ఆ అరుపుకి జాగా అంతా ఉలిక్కిపడింది. "చెప్పుండ్రే! ఎవలు పెట్టిండ్రు!" సుగుణ భారతమ్మ డబ్బా లాగి చూసింది, పక్కామె చెయ్యి తిప్పి చూసింది. పిల్లను పట్టుకోవాలని తోచలేదు. విషం ఎవరి చేతిలోంచి వచ్చిందో తెలిస్తే చాలు, వెనక్కి తీసేయవచ్చన్నట్టు ఒక్కొక్కరి అరచేయీ వాసన చూస్తోంది.

పిల్ల దగ్గరికి ముందుగా చేరింది రుక్కమ్మ. ఆ మోకాళ్లతో ఎలా పరుగెత్తిందో! చేతిలో నీళ్ల చెంబు. "తాగు బిడ్డా, నీళ్లు తాగు, నీళ్లు తాగు తల్లీ." పిల్ల గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచింది. పెదవులు నల్లబడుతున్నాయి.

"నీళ్లు వద్దు! పొయ్యకండి!"

ప్రసూనాంబ చెంబు తోసేసింది. చెంబు దొర్లుకుంటూ పోయింది. ఆమె నేల మీద చతికిలబడి పిల్లను మోకాళ్ల మీద బోర్లా వేసుకుంది, తల కిందికి, కాళ్లు పైకి. భుజాల నడుమ అరచేత్తో చరిచింది. ఏమీ కాలేదు. ఇంకా గట్టిగా చరిచింది. ఎవరో "అయ్యో చంటిపిల్ల" అన్నారు. ఆమె వినలేదు. మళ్లీ చరిచింది.

పిల్ల నోట్లోంచి ఏదో ఎగిరి మట్టిలో పడింది. తర్వాత ఏడుపు. ఇంత ఏడుపు, మరింత పెద్ద ఏడుపు. దాన్ని మించిన పాట ఆ సాయంత్రం అక్కడ ఎవరూ పాడలేదు.

సుగుణ మట్టిలో వెతికి దాన్ని తీసింది. చీర కొంగుతో తుడిచి చూసింది. పల్లిగింజ కాదు. పుట్నం. తన చేత్తో తను పెట్టినది.

"గింజ అడ్డం పడిందమ్మా, అంతే," ప్రసూనాంబ రొప్పుతూ అన్నది. "మా ఫణి చిన్నప్పుడు ఉసిరిగింజతో ఇలాగే చేశాడు. వాళ్ల తాతయ్య బోర్లా వేసి చరిస్తే పడింది. అప్పుడు గనక నీళ్లు పోసుంటే..." ఆగి, సుగుణ వైపు తిరిగింది. ఆమె ముఖంలోకి ఏదో అర్థమవుతున్న వెలుగు వచ్చింది. "అంటే సుగుణా, ఆవేళ మీ తమ్ముడికి కూడా..."

సుగుణ ఆమె చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగేంత గట్టిగా పట్టుకుంది.

రుక్కమ్మ దొర్లిన చెంబు దగ్గరే నిలబడి ఉంది. నీళ్లు ఇంకిపోయిన చోటు చూస్తోంది.

కొండల్ బండి తీసుకొచ్చి తల్లీబిడ్డలను దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు పిల్ల ఛాతీ విని, ఏమీ మిగల్లేదన్నాడు. "గింజలు ఏవైనా సరే, ఐదేళ్లు వచ్చేదాకా చేతికివ్వద్దు. పుట్నాలైనా పల్లీలైనా గొంతుకి ఒక్కటే. మెత్తగా నూరింది, పల్చగా రాసి పెట్టండి." సుగుణ డాక్టరుకు చెబుతుంటే పీనట్ బటర్ సంగతి కొండల్ అప్పుడే మొదటిసారి విన్నాడు. డాక్టరు కాగితం మీద నుంచి తలెత్తకుండా, "నెలల తరబడి తిని దద్దుర్లు, వాంతులు ఏమీ లేకపోతే దానికి భయపడకండి," అన్నాడు.

తిరిగి వస్తుంటే కొండల్ ఎన్నడూ లేనంత నెమ్మదిగా బండి నడిపాడు. ఒక్క పరాచికం ఆడలేదు. దారిలో సుగుణ శివ సంగతి చెప్పాక, ఇల్లు దగ్గరవుతుండగా మాత్రం, "నాకు ముందుగాల చెప్తె అయిపోవు గద సుగుణా," అన్నాడు.

ఇంటికొచ్చాక రుక్కమ్మ పిల్ల పక్కన కూర్చుంది. చాలాసేపు పిల్ల వీపు నిమిరింది.

"బిడ్డా."

"ఏందమ్మా."

"శివకు గూడ..." ఆ పేరు ఆ ఇంట్లో పడి ఎన్నేళ్లయిందో, గోడలు కూడా విన్నట్టు అయింది. "శివకు గూడ గిట్లనే అయ్యిందా నాడు? నువ్వు చూసినవ్ గద. గింజ అడ్డం పడ్డదా వానికి?"

సుగుణ చూసింది. ఆమె చూసినంత దగ్గరగా ఎవరూ చూడలేదు. తల వెనక్కి వంచిన అమ్మ చెయ్యి, చెంబులోంచి పడిన నీటిధార, వాడి చెయ్యి. ఇంతకాలం వాడు గడప దగ్గర నిలబడి పల్లీలు వద్దని చెప్తున్నాడనుకుంది. వాడు చెప్పింది అది కాదు. తనను బోర్లా వెయ్యమన్నాడు.

"కాదమ్మా," అన్నది సుగుణ. "వానికి పల్లీలే పడలే. ఒళ్లంత దద్దుర్లు లేసినయ్. నాకు మంచిగ యాది ఉన్నది."

"దద్దుర్లు లేసినయా?"

"లేసినయ్. ఎవ్వరేం చేసినా దక్కేటోడు కాదు వాడు."

రుక్కమ్మ తల ఊపింది. "గంతేలే," అన్నది. "గంతే అయి ఉంటది."

అబద్ధం నిలవాలంటే ఇంటి కట్టడి అలాగే నిలవాలి. పల్లీలు ఆ ఇంట్లోకి రాకూడదు, మునుపటిలాగే. కొట్లో చిక్కీల డబ్బా కనపడితే, అమ్మ పక్కన ఉన్నప్పుడు, సుగుణ మునుపటిలాగే పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చాలి. ఇప్పుడు అందులో భయం లేదు, బరువే ఉంది. అమ్మ ముందు ఏమీ అనవద్దని కొండల్‌కు కళ్లతోనే చెప్పింది. ప్రసూనాంబకు మెట్ల మీద చెప్పింది.

"పైనే పెట్టుండ్రి ఆంటీ. పల్చగ రాసి పెట్టుండ్రి. జర మూతి కడిగి పంపుండ్రి కిందికి."

"సబ్బుతో కడుగుతాలే," అన్నది ప్రసూనాంబ. కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయింది.

దసరా వెళ్లిన తర్వాత ఒక మధ్యాహ్నం. పైన పిల్లలిద్దరూ నవ్వుతున్న చప్పుడు కిందికి వినపడుతోంది. సుగుణ బట్టలు ఆరేసి వెనక తలుపు నుంచి ఇంట్లోకి వచ్చింది. రుక్కమ్మ చాప మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. కూతురు రావడం గమనించలేదు.

ఆమె మోకాళ్ల మీద సహస్ర దిండు ఉంది, బోర్లా. పిల్ల తలుండే వైపు కిందికి ఒంచి, ఎడమ చెయ్యి అడ్డం పెట్టి పట్టుకుంది. కుడి అరచేత్తో దిండు నడుమ చరుస్తోంది. ఒకసారి చరిచి, ఆగి, ఒంగి దిండు కింద నేల మీద ఏమైనా పడిందేమో చూస్తోంది. మళ్లీ చరుస్తోంది. ఈసారి కాస్త గట్టిగా.

ముందు గడప దగ్గర వాడు ఉన్నాడు. పల్లీల వాసన లేకుండానే వచ్చాడు. చొక్కా అదే, ఎర్రమట్టి అదే. సుగుణ వైపు చూడటం లేదు. అమ్మ చేతి వైపే చూస్తున్నాడు.